బాడుగ ఇంటికి కాగితమే కాపలా

* నోటిమాట ఒప్పందాలతో నష్టపోతున్న అద్దెదారులు
* 1960 నాటి చట్టానికి స్వస్తి.. 2017 చట్టంపై కొరవడిన అవగాహన
* ‘భోగ్యం’ సొమ్ముకు రిజిస్ట్రేషన్ ఒక్కటే రక్షణ

కర్నూలు, కడప: బడులు తెరిచే జూన్ మాసానికి ముందు కర్నూలు, కడప నగరాల్లో ఇళ్లు మారే కుటుంబాలు ఎక్కువ. ట్రాలీ ఆటోలో మంచం, బీరువా, గ్యాసు సిలిండరు, నీళ్ల డ్రమ్ము వేసుకుని ఒక పేట నుంచి మరో పేటకు తరలిపోయే దృశ్యం ఈ రెండు నగరాల వారికి సుపరిచితమే. ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల నుంచి పిల్లల చదువుల కోసమో, పెద్దాసుపత్రిలో వైద్యం కోసమో, కూలి పనుల కోసమో కర్నూలు చేరేవారు కొందరు. వానలు మొహం చాటేసిన ఏట బద్వేలు, రాయచోటి వైపు పల్లెలను వదిలి కడపకు వచ్చేవారు మరికొందరు. ఇంట్లో చేరే రోజున యజమాని చేతిలో అడ్వాన్సు పెడతారు. రసీదు అడగరు. అడిగినా ఇచ్చే ఆనవాయితీ లేదు. బాడుగ ఎంత, ఏటా ఎంత పెంచుతారు, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవన్నీ నోటిమాట మీదే సాగిపోతాయి.

మాట నిలిచినంత కాలం ఇబ్బంది లేదు. మాట తప్పిన రోజున మాత్రం తాను ఆ ఇంట్లో అద్దెకు ఉంటున్నట్లు, అడ్వాన్సు చెల్లించినట్లు చూపే చిన్న చీటీ కూడా అద్దెదారు వద్ద ఉండదు. చట్టం ఇచ్చిన హక్కులు తక్కువేమీ కావు. అయితే వాటిలో చాలా వరకు కాగితం ఉన్నవారికే అక్కరకు వస్తాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు నగర జనాభా నాలుగు లక్షలు, కడప జనాభా 3.4 లక్షలు దాటింది. పెద్ద పరిశ్రమలు అంతగా లేకున్నా, చుట్టుపక్కల కరవు సీమకు ఈ రెండే ఆసరా పట్టణాలు. ప్రభుత్వాలు ‘పేదలకు ఇల్లు’ అన్నప్పుడు దాని అర్థం సొంతిల్లు. స్థలం, పట్టా, రుణం, గృహప్రవేశం చుట్టూనే పథకాలు తిరుగుతాయి. ఆ ఇల్లు వచ్చే వరకు, లేదా అసలు రాకుంటే, బాడుగ ఇంట్లో బతికే కుటుంబం సంగతి ఏ పథకంలోనూ ముఖ్యాంశం కాలేదు.

రాజధాని నాడే ఇళ్ల కరవు

కర్నూలుకు ఇళ్ల కరవు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధానిగా ఎంపికైన ఈ ఊరికి ఒక్కసారిగా సచివాలయం, ఉద్యోగులు, వారి కుటుంబాలు తరలివచ్చాయి. ఇళ్లు చాలక గుడారాలు వేశారు. కార్యాలయాలు సైతం గుడారాల్లో నడిచిన రోజులవి. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అన్న పేటల పేర్లు నేటికీ ఆ కాలాన్ని గుర్తుచేస్తుంటాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. వచ్చినవారు వెళ్లిపోయారు, ఊరు మళ్లీ జిల్లా కేంద్రంగా మిగిలింది.

అప్పట్లో ఇక్కడ అమలులో ఉన్నది 1949 నాటి మద్రాసు భవనాల (లీజు, అద్దె నియంత్రణ) చట్టం. ఇల్లు ఖాళీ అయితే యజమాని అధికారులకు తెలియజేయాలని, అవసరమైతే ఆ ఇంటిని ప్రభుత్వం తన ఉద్యోగులకు కేటాయించుకోవచ్చునని అద్దె నియంత్రణ చట్టాల్లో నిబంధన ఉండేది. అంటే అద్దె నియంత్రణ కేవలం బీదసాదలపై దయతో పుట్టినది కాదు. యుద్ధకాలంలో, ఆ తరువాత ఇళ్లు దొరకని పట్టణాల్లో సర్కారు తన సిబ్బందికి నీడ వెతుక్కున్న సాధనం కూడా అదే. గదులు దొరకని రాజధానిలో ఆ నిబంధన విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పాత ముచ్చటకు నేటికీ సందర్భం ఉంది. కర్నూలులో హైకోర్టు బెంచి ఏర్పాటు చేయాలని 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. అంతకు మునుపు 2020లో న్యాయ రాజధాని ప్రతిపాదన వచ్చి, 2021లో ఆ చట్టం రద్దయింది. పెద్ద కార్యాలయం వస్తుందన్న వార్త స్థలాల ధరలను కదిలిస్తుంది, ఆ వెనుకే బాడుగలనూ కదిలిస్తుంది. కార్యాలయం నిజంగా వచ్చినా రాకున్నా, పెరిగిన బాడుగ తిరిగి దిగిరావడం అరుదు. నెల జీతగాళ్లు ఆ పెరుగుదలను తట్టుకోగలరు. హమాలీలు, ఆటో డ్రైవర్లు, ఇళ్లలో పని చేసుకునే మహిళలు ఊరి అంచులకు జరగవలసి వస్తుంది.

చట్టం ఎవరిని కాపాడింది?

రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లోని వేర్వేరు చట్టాలను కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, తొలగింపు) నియంత్రణ చట్టాన్ని తెచ్చారు. న్యాయమైన అద్దె నిర్ణయించాలని అద్దెదారు గాని, యజమాని గాని రెంట్ కంట్రోలరును ఆశ్రయించే వీలు కల్పించారు. అద్దె కావాలనే ఎగవేయడం, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకు ఇవ్వడం, భవనాన్ని పాడుచేయడం, యజమానికి నిజంగా ఆ ఇల్లు అవసరం కావడం వంటి కారణాలు రుజువైతేనే ఖాళీ చేయించాలని పదో సెక్షన్ నిర్దేశించింది. యజమాని అద్దె పుచ్చుకోనంటే దానిని డిపాజిట్ చేసే మార్గమూ చూపింది.

వినడానికి బాగానే ఉన్నా ఎవరికి వర్తిస్తుందన్న దగ్గరే చిక్కు మొదలైంది. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలకు 32వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. కొత్త ఇళ్లు కట్టేవారిని ప్రోత్సహించడం దీని ఉద్దేశం. పాతికేళ్లు గడిచినా ఆ ఇళ్లన్నీ ‘కొత్తవి’గానే చెల్లుబాటయ్యాయి. చివరకు మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం కొత్త ఉత్తర్వు ఇచ్చింది. కట్టిన పదేళ్ల వరకు భవనాలను, నెల అద్దె వెయ్యి రూపాయలు దాటిన ఇళ్లను చట్టం పరిధి నుంచి తప్పించింది. 2005 సవరణలో ఈ గీతను కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలకు, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలకు పెంచారు. అప్పటికే కర్నూలు, కడప రెండూ కార్పొరేషన్లు.

గీత గీయడం తేలికే గానీ ఏటా దాన్ని జరపడం ఎవరికీ పట్టదు. తమిళనాడులో నెలకు 400 రూపాయలు దాటిన నివాసాలకు చట్ట రక్షణ లేదన్న నిబంధనను రతన్ ఆర్య కేసులో 1986లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఒకప్పుడు 400 అంటే సంపన్నుల ఇల్లు, ధరలు పెరిగాక అదే సామాన్యుడి ఇల్లయిందన్నది అక్కడి తర్కం. మన 3,500 గీతకూ అదే గతి పట్టింది. రెండు గదుల పోర్షనుకే అంతకు మించి బాడుగ పలికే రోజులు వచ్చేసరికి, పేరుకు చట్టం ఉన్నా సగటు అద్దెదారు దాని నీడకు బయటే నిలబడ్డాడు.

యజమానుల గోడునూ విస్మరించలేం. ఈ నగరాల్లో ఇల్లు అద్దెకు ఇచ్చేవారంతా ధనికులు కారు. పదవీ విరమణ సొమ్ముతో మిద్దెపై రెండు గదులు వేసుకుని, ఆ బాడుగతో మందుల ఖర్చు వెళ్లదీసే వృద్ధ దంపతులు ప్రతి వీధిలో కనిపిస్తారు. ఒకసారి చేరిన అద్దెదారు ఖాళీ చేయకుంటే రెంట్ కంట్రోలరు, అప్పీలు, హైకోర్టులో రివిజన్ అంటూ ఏళ్లు గడిచేవి. అద్దెదారుకు హక్కు పుడుతుందన్న భయమే రసీదు ఇవ్వకపోవడానికి, ఏడాది తిరగకముందే ఖాళీ చేయించడానికి మూలం. రక్షణ కోసం తెచ్చిన చట్టమే రసీదుకు ఎసరు పెట్టింది.

2017 చట్టంలో ఏముంది?

ఈ నేపథ్యంలో పాత చట్టానికి స్వస్తి పలుకుతూ ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర భవనాల అద్దె చట్టాన్ని తెచ్చింది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించక ముందే ఈ బాట పట్టిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. రెండింటి సారాంశం దాదాపు ఒక్కటే. అద్దె ఎంతన్నది ప్రభుత్వం నిర్ణయించదు, ఇద్దరి ఇష్టానికి వదిలేస్తుంది. ఆ ఒప్పందాన్ని మాత్రం కాగితంపై పెట్టి అద్దె అథారిటీకి తెలియజేయమంటుంది.

కేంద్రం నమూనాలో నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు, వాణిజ్య భవనానికి ఆరు నెలల అద్దెకు మించరాదు. నీరు, కరెంటు ఆపి వేధించరాదు. గడువు ముగిసినా ఖాళీ చేయని అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు అద్దె చెల్లించాలి. అద్దె కోర్టు 60 రోజుల్లో తేల్చాలి. ఇక్కడ ఒక మెలిక గమనించాలి. నమూనా చట్టం రాష్ట్రాలకు సలహా మాత్రమే. ఒక రాష్ట్రంలోని అద్దెదారుకు ఆ రాష్ట్ర శాసనసభ చేసిన చట్టమే దిక్కు. కాబట్టి టీవీలో విన్న ‘రెండు నెలల అడ్వాన్సు’ నిబంధన పట్టుకుని యజమానితో వాదనకు దిగే ముందు న్యాయవాదిని సంప్రదించడం మేలు.

బాడుగకు పైగీత తొలగిపోయింది. దాని బదులు అద్దెదారు చేతికి వచ్చింది రాతపూర్వక ఒప్పందం. ఆ ఒప్పందమే రాసుకోకుంటే కొత్త చట్టం వల్ల అతనికి ఒరిగేది తక్కువ. పాత రక్షణ పోయి, కొత్తది అందక, రెంటికీ చెడే ప్రమాదం ఉంది.

పదకొండు నెలల కథ

కాస్తో కూస్తో రాసుకునేవారు సైతం పదకొండు నెలలకే ఒప్పందం రాసుకోవడం రివాజు. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతున్నాయి. ఆ ఖర్చు తప్పించుకునేందుకే ఒక నెల తగ్గిస్తారు. ఇందులో తప్పేమీ లేదు. గడువు తీరిన తరువాత యజమాని అద్దె తీసుకుంటూ ఉంటే, సాధారణంగా అది నెలనెలా సాగే అద్దెగా కొనసాగుతుంది. వేరే ఒప్పందం లేనప్పుడు, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దెదారును ఖాళీ చేయమనాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ‘రేపటికల్లా సామాను తీసేయండి’ అనే అధికారం ఏ చట్టంలోనూ లేదు.

భోగ్యం.. బాడుగ లేని ఇల్లు కాదు

కడప, అనంతపురం, చిత్తూరు ప్రాంతాల్లో ‘భోగ్యం’ అన్న మాట తెలియని అద్దెదారు ఉండడు. కొందరు దీనినే లీజు అంటారు. యజమానికి ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తారు. రెండు మూడేళ్లు నెల బాడుగ లేకుండా ఆ ఇంట్లో ఉంటారు. గడువు తీరాక యజమాని ఆ మొత్తాన్ని వడ్డీ లేకుండా తిరిగి ఇచ్చేయాలి. కూతురి పెళ్లికో, మిద్దె వేయడానికో యజమానికి డబ్బు దొరుకుతుంది. నెలనెలా బాడుగ గోల లేదని అద్దెదారు సంతోషిస్తాడు.

ఒకసారి లెక్క వేసి చూడాలి. మాటవరసకు మూడు లక్షల రూపాయలకు ఇల్లు భోగ్యానికి తీసుకున్నారనుకుందాం. ఆ సొమ్ము నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదైతే నెలకు 6,000 రూపాయలు వడ్డీ అవుతుంది. అదే ఆ ఇంటి అసలు బాడుగ. సొంత సొమ్మయి, బ్యాంకులో ఏడు శాతానికి ఉంచదగినదైతే పోగొట్టుకునేది నెలకు 1,750 రూపాయలు. ఒకే ఇల్లు, ఒకే మొత్తం, కానీ అప్పు చేసి వచ్చిన పేదవాడికి మూడు రెట్లకు పైగా భారం. బాడుగ లేని ఇల్లు అన్న మాటలోని మాయ ఇదే.

అసలు ముప్పు మరోచోట ఉంది. ఇంటిని అనుభవిస్తూ వడ్డీకి బదులు దానినే లెక్కగట్టుకునే ఈ పద్ధతి, ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ చెప్పే స్వాధీన తనఖాకు దగ్గరగా ఉంటుంది. వంద రూపాయలకు మించిన ఇటువంటి తనఖాను రిజిస్టరు చేయాలని అదే చట్టం 59వ సెక్షన్ నిర్దేశిస్తోంది. రిజిస్టరైన భోగ్య పత్రం ఉంటే సొమ్ము తిరిగి ఇచ్చే వరకు ఇంటిని అట్టిపెట్టుకునే హక్కు దఖలు పడుతుంది. ఇల్లు వేరొకరికి అమ్మినా కొన్నవారు ఆ భోగ్యానికి లోబడే కొనాలి. ఈసీ తీస్తే అందులో కనిపిస్తుంది కూడా.

కానీ మనవారు చేసేది ఏమిటి? వంద రూపాయల బాండు పేపరు కొంటారు, దస్తావేజు లేఖరి వద్ద నాలుగు ముక్కలు రాయిస్తారు, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టిస్తారు. లక్షల రూపాయలకు అదే ఆధారం. వివాదం కోర్టుకు వెళ్లినప్పుడు రిజిస్టరు కాని ఆ కాగితం ఇంటిపై హక్కును నిలబెట్టలేదు. సొమ్ము ఇచ్చిన మాట వరకు ఆధారం చూపి, మామూలు అప్పులా వసూలుకు దావా వేసుకోవాలి. దానికీ మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. స్టాంపు సుంకం తక్కువైతే పదింతల వరకు జరిమానా పడే అవకాశం మరో గుదిబండ.

ఇంటిపై బ్యాంకు అప్పు ఉన్నప్పుడు పరిస్థితి మరింత జటిలమవుతుంది. యజమాని వాయిదాలు ఎగవేస్తే బ్యాంకు 2002 నాటి సర్ఫేసి చట్టం కింద ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. అద్దె చట్టాల రక్షణ ఉన్న అద్దెదారును సర్ఫేసి పేరుతో నేరుగా వెళ్లగొట్టరాదని విశాల్ కల్సారియా కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పడంతో కొంత ఊరట లభించింది. 2019లో బజరంగ్ శ్యాంసుందర్ అగర్వాల్ కేసులో అదే న్యాయస్థానం ఆ ఊరటకు హద్దు గీసింది. ఏడాదికి మించిన హక్కు కోరేవారు రిజిస్టరైన పత్రం చూపాలి. నోటిమాటతోనో, రిజిస్టరు కాని కాగితంతోనో వస్తే అంతకు మించి నిలవలేరని స్పష్టం చేసింది. మూడేళ్ల భోగ్యానికి బాండు పేపరు రాసుకున్న కుటుంబానికి దీని అర్థం ఏమిటో ఊహించుకోవచ్చు.

అందుకే భోగ్యానికి సొమ్ము ఇచ్చే ముందు ఈసీ తీయించడంతో సరిపెట్టుకోరాదు. ఇంటి అసలు దస్తావేజు చూపమని అడగాలి. నకలు చూపి, అసలు ‘బీరువాలో ఉంది’ అని దాటవేస్తే అది బ్యాంకు బీరువా కావచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఇరువురూ పంచుకున్నా, పోయే లక్షలతో పోలిస్తే అది స్వల్పమే.

ఒకే మీటరు.. నాలుగు కుటుంబాలు

అద్దెదారులకు ఎదురయ్యే మరో చిక్కు కరెంటు మీటరు. పాతపేటల్లో ఒకే ఆవరణలో మూడు నాలుగు పోర్షన్లు వేసి, ఒకే మీటరుతో నడిపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబు విధానంలో నాలుగు కుటుంబాల వాడకం ఒకే ఖాతాలో పడితే, తక్కువ వాడే పేద కుటుంబం కూడా పై శ్లాబు ధర చెల్లించవలసి వస్తుంది. సబ్‌మీటరు పెట్టి యజమాని చెప్పిన రేటు వసూలు చేయడం సర్వసాధారణం.

దీనికి తోడు 2019 తరువాత రాష్ట్రంలో సంక్షేమ పథకాల అర్హతకు సగటున నెలకు 300 యూనిట్ల లోపు వాడకం అన్న షరతు వచ్చింది. ఆధార్ ఒకే మీటరుకు ముడిపడిన చోట, యజమాని ఇంట్లోని ఏసీ వాడకం అద్దెదారు ఖాతాలో చేరి, పింఛనో రేషనో నిలిచిపోయిందన్న ఫిర్యాదులు రాష్ట్రమంతటా వచ్చాయి. ఏసీ గాలి ఒకరికి, దాని ఫలితం మరొకరికి! ప్రతి పోర్షనుకు వేరు మీటరు కోరడం, సచివాలయంలో అద్దెకు ఉంటున్నట్లు నమోదు చేయించుకోవడం దీనికి విరుగుడు. రెండింటికీ యజమాని సహకారం కావాలి. మళ్లీ కాగితం దగ్గరకే వచ్చి ఆగుతుంది వ్యవహారం.

సెంటు స్థలం.. చేరని గూడు

సొంతింటి పథకాలకు మన రాష్ట్రంలో కొదవ లేదు. 2001లో కేంద్రం తెచ్చిన వాంబే, 2006లో ఇందిరమ్మ, 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన, దానికి అనుసంధానంగా టిడ్కో అపార్టుమెంట్లు, 2020 డిసెంబరు 25న మొదలైన ‘పేదలందరికీ ఇళ్లు’ పట్టాలు వరుసగా వచ్చాయి. చివరి పథకంలో పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారిన తరువాత పట్టణాల్లో రెండు, పల్లెల్లో మూడు సెంట్లు ఇవ్వాలన్న నిర్ణయం వెలువడింది.

సెంటు అంటే సుమారు 435 చదరపు అడుగులు. సెంటు చాలదా, రెండు సెంట్లు చాలవా అన్న వాదనలో ఒక సంగతి ప్రస్తావనకు రాలేదు. ఈ నగరాల్లో తక్కువ బాడుగ ఇళ్లు ఎవరు కట్టారు? కార్పొరేషన్ కట్టలేదు, బిల్డర్లూ కట్టలేదు. ఒకప్పుడు రెండు మూడు సెంట్ల స్థలంలో ఇల్లు వేసుకున్న చిన్న కుటుంబాలు పక్కన ఒక గది పోసి, రేకులు కప్పి, నాపబండలు పరచి బాడుగకు ఇచ్చాయి. ఆ ఇంటికి ఆదాయం, ఊరికి గది దొరికాయి. సెంటు స్థలంలో రెండో గదికే చోటు చాలదు, ఇక బాడుగ గది ఎక్కడ? పేదవాడికి ఇల్లు దొరికింది గానీ మరో పేదవాడికి గది దొరికే దారి మూసుకుపోయింది.

దూరం మరో సమస్య. కర్నూలులో టిడ్కో ఇళ్లు నగరానికి వెలుపల జగన్నాథగట్టుపై కట్టారు. పాతబస్తీలో కూలికి, మార్కెట్ యార్డులో హమాలీ పనికి పోయేవారు గట్టు దిగి రావాలంటే రోజూ ఆటో ఖర్చు. బాడుగలో మిగిలింది రవాణాకు పోతే సొంతిల్లు వచ్చినా చేతిలో పైసా మిగలదు. 365, 430 చదరపు అడుగుల ఇళ్లకు బ్యాంకు రుణం తీసుకున్నవారిలో పలువురికి, రాష్ట్రంలోని అనేక పట్టణాల్లో, ఇల్లు చేతికి అందకముందే వాయిదాల నోటీసులు వచ్చాయి. ఇటు బాడుగ, అటు వాయిదా.

పల్లె నుంచి వచ్చినవారికి ఈ పథకాల గడప ఎక్కడమే కష్టం. రేషన్ కార్డు, ఓటు, ఆధార్ చిరునామా అన్నీ సొంతూరి పేరుతోనే ఉంటాయి. సుగ్గికి గుంటూరు మిరప చేలకు, బెంగళూరుకు పోయి వచ్చే కుటుంబాల పరిస్థితి మరీ దయనీయం. నగరంలో అర్హత లేదు, పల్లెలో ఉండరు. చిరునామా మార్చుకోవాలంటే అద్దె ఒప్పందం అడుగుతారు. అది యజమాని ఇవ్వడు.

కేంద్రం 2020 జులైలో అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకాన్ని ఆమోదించింది. 2024లో ప్రారంభమైన ఆవాస్ యోజన రెండో విడతలోనూ అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. వలస కార్మికులకు, ఒంటరి మహిళలకు, పారిశ్రామిక కూలీలకు పనిచోటికి దగ్గర్లో తక్కువ అద్దెకు ఇళ్లివ్వడం దీని లక్ష్యం. సుగ్గి వలసలకు పేరుమోసిన జిల్లాకు ఇంతకన్నా తగిన పథకం మరొకటి ఉండదు. నగరపాలక సంస్థలు ప్రతిపాదనలు పంపితేనే ఇటువంటివి కదులుతాయి. పట్టా పంచితే ఫొటో వస్తుంది, అద్దె ఇల్లు కడితే రాదు. పాలకమండళ్ల ఉత్సాహం ఎటువైపో చెప్పనవసరం లేదు.

వరద నేర్పిన పాఠం

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలును ముంచెత్తాయి. నదీతీరానికి ఆనుకున్న పాతనగరం పేటలు మిద్దెల ఎత్తు వరకు నీట మునిగాయి. 2001లో బుగ్గవంక పొంగి కడపను అతలాకుతలం చేసింది. ఈ రెండు చోట్లా నీటికి దగ్గరగా ఉన్న పల్లపు పేటల్లోనే బాడుగలు తక్కువ. అందుకే అద్దెదారులు ఎక్కువ.

విపత్తు సాయం నిబంధనల్లో ఇల్లు కూలినందుకు ఇచ్చే సొమ్ము వేరు, బట్టలు, పాత్రలు పోయినందుకు ఇచ్చేది వేరు. మొదటిది ఇంటికి, రెండోది ఇంట్లో ఉన్న కుటుంబానికి. రెండు రోజులకు మించి ఇల్లు నీట మునిగిన కుటుంబానికి రెండో సాయం వర్తిస్తుంది. గోడ యజమానిదైనా గిన్నెలు అద్దెదారువే. అయితే ఆ ఇంట్లో ఎవరు ఉండేవారో గణన సిబ్బందికి చూపవలసింది అద్దెదారే. ఒప్పంద పత్రం, గ్యాసు బిల్లు, బడి రికార్డు వంటివి ఏవైనా అప్పుడు పనికివస్తాయి. వాటిని ఇంటికి దూరంగా, బంధువుల వద్దనో, ఫోనులో ఫొటో తీసో ఉంచుకోవడం నదీతీర నగరాల్లో అవసరం.

ఖాళీ చేయమంటే ఏం చేయాలి?

స్వాధీనంలో ఉన్న వ్యక్తిని కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా వెళ్లగొట్టరాదన్నది సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పిన సూత్రం. 1989లో కృష్ణారాం మహాలే కేసులోనూ ఇదే స్పష్టం చేసింది. తాళం మార్చినా, సామాను వీధిలో పడేసినా, ప్రత్యేక ఉపశమన చట్టం 1963 లోని ఆరో సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి స్వాధీనం కోరవచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఈ దావాలో తలెత్తదు. ఎవరు ఉండగా ఎవరు వెళ్లగొట్టారన్నదే కోర్టు చూస్తుంది. ఆరు నెలలు దాటితే ఈ సులువైన మార్గం చేజారుతుంది.

వేసవిలో నీళ్లు ఆపడం మన ప్రాంతంలో ఖాళీ చేయించే పాత ఎత్తుగడ. సుంకేసుల అడుగంటి నాలుగైదు రోజులకు ఒకసారి కుళాయి వచ్చే వేళ మోటారు ఆపేస్తే ఏ కుటుంబమైనా ఎన్నాళ్లు నిలబడుతుంది? పాత చట్టమూ, కొత్త నమూనా చట్టమూ రెండూ దీన్ని నిషేధించాయి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, దానికి అందినట్లు రసీదు తీసుకోవాలి.

రసీదు ఇవ్వని యజమాని విషయంలో ఈ రోజుల్లో ఒక సులువు ఏర్పడింది. బాడుగ చేతికి ఇవ్వకుండా బ్యాంకు ఖాతాకో, ఫోన్‌పే వంటి వాటి ద్వారానో పంపి, వివరం రాసే చోట ‘ఫలానా నెల బాడుగ’ అని రాస్తే, ఆ వరుసే అద్దెకు రుజువుగా నిలుస్తుంది. అడ్వాన్సు కూడా అలాగే పంపాలి. ‘నగదే కావాలి’ అని పట్టుబట్టే యజమాని వద్ద కనీసం చిన్న పుస్తకంలో నెలనెలా సంతకం చేయించుకోవడం పాతకాలపు పద్ధతే అయినా నేటికీ పనికివస్తుంది.

ఇల్లు ఇచ్చే ముందు కులం, మతం అడగడం, ‘శాకాహారులకు మాత్రమే’ అని బోర్డు పెట్టి కొందరిని గేటు బయటే ఆపడం రెండు నగరాల్లోనూ ఉన్నదే. అద్దె చట్టాలు పుట్టేది ఇల్లు ఇచ్చిన తరువాతే. ఇవ్వకముందు జరిగే ఈ వడపోతకు వాటిలో మందు లేదు.

కోర్టు ఖర్చులకు భయపడే వారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉచిత సహాయం అందిస్తాయి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, విపత్తు బాధితులకు ఆదాయ పరిమితితో పని లేకుండా న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. అద్దె తగాదాలను దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టుకునే వీలుంది. అక్కడ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. కనుక అడ్వాన్సు ఎప్పుడు తిరిగి ఇస్తారు, ఏ తేదీకి ఖాళీ చేస్తారు అన్న రెండు అంశాలు అందులో తేదీలతో సహా రాయించుకున్న తరువాతే సంతకం చేయాలి. వివరాలకు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కర్నూలు, కడప రెండు చోట్లా జిల్లా కోర్టు ఆవరణల్లోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయాల్లో దరఖాస్తులు స్వీకరిస్తారు.